కాఫీకి అలికిన వాకిలి

మా కాఫీ గింజలు పైదేశం వాళ్ళు కొంటారట అని తెలియగానే మా ఆవిడ చేసిన మొదటి పని వాకిలి అలకడం. మా అనంతగిరి కొండల్లో చుట్టం వస్తున్నాడంటే పేడతో అలుకుతాం. సముద్రం దాటే సరుకంటే ఇంకా పెద్ద చుట్టం కదా, అందుకని రెండు పూతలు వేసింది. ఆ నున్నటి నేల మీదే కాఫీ పళ్ళు ఎండబోశాం. ముగ్గు కూడా పెట్టేదే, నేనే ఆపాను.

ఎండిన గింజల్ని పరీక్షించడానికి, ఎగుమతి చేసే కంపెనీ తరఫున పట్నం నుంచి రుచి చూసే మనిషి వచ్చాడు. వేయించి, పొడి చేసి, వేడినీళ్ళు పోసి, చెంచాతో జుర్రున పీల్చి పక్క గిన్నెలో ఉమ్మేశాడు.

"పేడ వాసన వస్తోందండీ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. మా ఆవిడ మాత్రం మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ మూడు రోజులూ ఇల్లు ప్రశాంతంగా ఉందని నేను రాయను. ఆవిడ ఇది చదివించుకుని వింటుంది.

సరుకంతా సంతలో షావుకారికి పోసేశాం. ఆయన వాసన చూడడు, పచ్చికాయో పండో చూడడు, మన మొహం కూడా చూడడు. తూకం వేసి తోచింది ఇస్తాడు.

మా ఆవిడ అన్న, అంటే మా బావ, అప్పటికే మండిపడుతున్నాడు. మా తోటల్లో పొడుగు చెట్లకి మిరియం తీగ పాకుతుంది, కింద కాఫీ మొక్కలుంటాయి. బయటి మిరియాలు ఓడల్లో దిగాక మా మిరియాల ధర పడిపోయింది.

"పైదేశం సరుకు మన గుమ్మం తొక్కనీకూడదు. పన్నేసి ఆపెయ్యాల. ఆళ్ళకి మన కాఫీ అమ్మక్కర్నేదు. షావుకారున్నాడు కదేటి?"

"మరి ఆళ్ళూ గుమ్మం మూసేత్తే, బావా? పైన మిరియం తలుపెయ్యమంటాది, కింద కాఫీ తలుపు తియ్యమంటాది. ఉన్నది ఒకటే తోట. నానేటి సెయ్యాల?"

"నీకన్నీ ఎకసెక్కాలే!"

"ఎకసెక్కం కాదు. మన కాఫీ కంపు కొడతందని ఇన్నేళ్ళలో ఆ షావుకారు ఒక్కసారైనా సెప్పాడేటి?"

బావ బాధ అబద్ధం కాదు, మిరియాల దెబ్బ నాకూ తగిలింది. సుంకాలూ ఒప్పందాలూ పెద్ద చదువుల వాళ్ళ సంగతి. ఐదో తరగతిలోనే బడి నన్నూ, నేను బడినీ ఒకేసారి వదిలేసుకున్నాం. కానీ ఒకటి కళ్ళారా చూశాను. పచ్చీ పండూ కలిపి కొమ్మ దూసేసి, పోటీ లేని సంతలో ఏళ్ళ తరబడి అమ్మాం. చెడ్డ సరుకని ఎవరూ అనలేదు, మంచి సరుకనీ ఎవరూ అనలేదు.

తరువాతి కోతకి వెదురు మంచెలు కట్టి, వాటి మీద వలలు పరిచి ఎండబెట్టాం. ఎర్రటి పండు తప్ప మరొకటి బుట్టలో పడనివ్వలేదు మా ఆవిడ. నా బుట్టలో పచ్చికాయ దొరికితే నా నెత్తికేసే కొట్టేది.

"ఏటి సేత్తన్నావు? కళ్ళు ఇంటికాడ ఎట్టొచ్చావా?"

మబ్బు కనిపిస్తే చాలు, "బేగి కప్పు!" అని కేక. ఈసారీ కాదంటే ఇక పైదేశం మాటే ఎత్తనని నాతో చెప్పేసింది.

మళ్ళీ అదే మనిషి వచ్చాడు. పీల్చాడు. ఉమ్మకుండా మింగాడు. ఇంకో చెంచా తీసుకున్నాడు. బావ కూడా మెడ చాచి చూస్తున్నాడు.

"దీన్ని మీ ఊరి పేరు మీదే పంపిద్దాం. సంచుల మీద అచ్చు వేయిస్తాను. ఇంతకీ ఈ పళ్ళు ఏరిందెవరు?" అన్నాడాయన.

నేను గొంతు సవరించుకునేలోపే బావ లేచి నిలబడ్డాడు.

"మా సెల్లి" అన్నాడు.