రెండు ముక్కల టాప్ నేర్పిన పెద్దమ్మ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పక్క క్వార్టర్ పెద్దమ్మ కొడుకు మా గేటు దగ్గర నిలబడి, "సెల్లీ, అమ్మ ఇక లేదు" అన్నాడు. చర్చికి వెళ్ళడానికి తెల్లచీర కట్టుకుని, టీ తాగి, కుర్చీలో కాసేపు కళ్ళు మూసుకుందట. మళ్ళీ తెరవలేదు.

ఆమె నాకు చుట్టం కాదు. ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా ఇంటికీ వాళ్ళింటికీ గోడ ఒకటే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వర్క్‌షాప్ పనికి వచ్చాడు. వాళ్ళది ఎప్పుడో కోస్తా నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమెను పెద్దమ్మ అనే పిలిచాను. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ముడిలో ఎప్పుడూ రెండు అల్లిక సూదులు గుచ్చుకుని తిరిగేది. వాటికోసం ఇల్లంతా వెతికేది కూడా.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా కుడి భుజం గురించి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట వంటింట్లో కింద కూర్చుని కూర తరుగుతుంటే, గట్టు మీది అన్నం గిన్నె ఒరిగి మరిగే గంజి నా మీద పడింది. పుండు మానింది కానీ భుజం నుంచి మోచేతి దాకా తోలు బిగుసుకుపోయింది. చెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. అప్పుడే ఒక చిన్న బడిలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళి చేరలేదు. చలికాలమంతా శాలువా కప్పుకుని దాచుకున్నాను. తర్వాత ఎండలొచ్చాయి. జాకెట్టు కుట్టు మచ్చ మీద ఒరుసుకునేది, శాలువా కింద ఒళ్ళంతా పేలిపోయింది. అయినా తీయలేదు, వీధిలోకి రాలేదు.

ఒక మధ్యాహ్నం పెద్దమ్మ నూలుకండెలు చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఏటే, ఇంత ఎండలో శాలువా ఏటే?"

శాలువా ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను.

"నీకు టాప్ కావాల. మెత్తటి నూలుది, ఒరుసుకోనిది. నువ్వే అల్లుకో."

"నాకు రాదు పెద్దమ్మా. నువ్వే అల్లీ."

"నాను అల్లితే నీ సెయ్యి ఎలా కదుల్తాది?"

"మోచేతి దాకా సేతులు పెట్టొచ్చా?" అని అడిగాను.

"మొదటి టాప్‌కి సేతులుండవు. రెండు ముక్కలు, అంతే. అది అయినాక అడుగు."

నా వదులు కుర్తీ ఒకటి మంచం మీద పరిచి టేపు పెట్టింది. మా ఊళ్ళో బెంగాలీ ఆడవాళ్ళు అల్లికలో ఒక్కో కుట్టునూ 'ఘర్' అంటారు, గది అని. పెద్దమ్మ దాన్ని తెలుగులో గది అనే అనేది. ముందు అరచేయంత ముక్క అల్లించింది. నాలుగు అంగుళాలకు పదహారు గదులు వచ్చాయి. "అంటే అంగుళానికి నాలుగు. నీ సుట్టుకొలత ముప్పయ్యారు, వదులుకి ఇంకో నాలుగు. అందులో సగం ఇరవై. సూది మీద ఎన్ని గదులు ఎక్కించాలో నువ్వే సెప్పు" అంది. ఎనభై అన్నాను. "లెక్కొచ్చు కదా, మరింక రానిదేటి?"

ఇరవై రెండు అంగుళాల పొడవున రెండు పలకలు, ముందుకొకటి, వీపుకొకటి. రెండు వైపులా మామూలు సీదా కుట్టే, తిరగేసి వేసే ఉల్టా నేర్చుకోవక్కర్లేదు. పైన రెండు చివర్లా అయిదేసి అంగుళాలు భుజాలకు కలిపి, మధ్యలో పది అంగుళాలు మెడకు వదిలేయాలి. పక్కల్లో పైన ఎనిమిది అంగుళాలు చేతికి విడిచి, మిగతాది కుట్టేయాలి. అంతే డిజైను. మెడ కత్తిరింపు లేదు, చంక మలుపు లేదు.

చెప్పడానికి అంతే. నాకు మొదటి పదిరోజులూ నరకం. రెండు వరసలకే భుజం లాగేసేది. ఇరవై వరసలయ్యాక లేచి, గోడమీద వేళ్ళు పాకించి చెయ్యి ఎంత పైకి వెళ్తే అంత పైకి తీసుకెళ్ళమనేది. అక్కడ సుద్దముక్కతో గీత గీయించేది. "నిన్నటికన్నా తక్కువైనా ఫరవాలేదు, గియ్యి." బాగుందని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

సగంలో ఒకరోజు లెక్కపెడితే ఎనభై గదులు తొంభై ఒకటి అయ్యాయి. మధ్యలో ఎక్కడో నూలు చుట్టుకుని కొత్తవి పుట్టేశాయి. విసిరికొట్టి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. కింద పడినదాన్ని తీసి, సూది లాగి, కొస నా చేతికిచ్చింది. నేను విప్పుతుంటే తను ఉండ చుట్టింది.

"ఇప్పడం కూడా అల్లికేనే" అంది. ఉండ సగమయ్యాక, "ఆస్పత్రిలో కాలినోళ్ళని సానామందిని సూసినాను. పుండు మానినా ఇంట్లోంచి రానోళ్ళనీ సూసినాను. నువ్వు అలాగవ్వకు" అంది. చుట్టిన ఉండ నా ఒళ్ళో పెట్టింది.

జూన్‌లో పూర్తయింది. తల మీదుగా తొడుక్కోవాలంటే రెండు చేతులూ పైకెత్తాలి. అప్పుడు అర్థమైంది, బొత్తాలున్న టాప్ ఆమె ఎందుకు చెప్పలేదో. కుడిచెయ్యి మెల్లగా లేచింది, చెవి దాటింది. టాప్ ఒంటి మీదికి జారింది. భుజం అంచు కిందనుంచి మచ్చ కనిపిస్తోంది.

"ఇప్పుడు సెప్పు. సేతులు అల్లుదామా?"

అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాను. నూలు సందుల్లోంచి ఫ్యాన్ గాలి ఒంటికి తగులుతోంది. "వొద్దు పెద్దమ్మా. గాలాడతంది."

"ఠీక్ హై. పద, గోల్‌బజార్‌లో ఉల్లిపాయలు కొనాల."

కూరలమ్మే దీదీ ముందు నా చెయ్యి చూసింది, తర్వాత టాప్ చూసి ఎక్కడ కొన్నావంది. పెద్దమ్మ బుట్టలో ఉల్లిపాయలు ఏరుతోంది. "నేనే అల్లాను" అన్నాను. ఆ బడిలో ఉద్యోగం అప్పటికే పోయింది. మూడు నెలల తర్వాత ఇంకో బడిలో దొరికింది. ఇప్పుడు మూడో తరగతికి చెప్తున్నాను.

ఆమెను సమాధి చేసిన తర్వాతి శనివారం ఊళ్ళోనే నిమ్‌పురా నుంచి ఒక బెంగాలీ బౌదీ, అంటే వదిన, సైకిల్ మీద వచ్చింది. మూడు నెలలుగా పెద్దమ్మ దగ్గర అల్లిక నేర్చుకుంటోంది, పెద్దమ్మ పోయిన కబురు తెలియదు. గేటు దగ్గరే చెప్పాను. సైకిల్ గోడకు ఆనించి మా మెట్ల మీద కూలబడింది. సంచిలోంచి రెండు పసుపు పలకలు తీసి, "ఎబార్ కీ కోర్బో?" అంది. ఇప్పుడేం చెయ్యను అని.

లోపలికి తీసుకెళ్ళాను. భుజాలు నేను కలిపి చూపించాను, పక్కలు ఆమె కుట్టింది. అల్లిన నూలు తాడు మీద వేలాడేస్తే సాగిపోతుంది. అందుకని ఉతికి, మంచం మీద తువ్వాలు పరిచి, ఇద్దరం చెరోవైపు అరచేతులతో అంచులు సర్దాం. ఆమె పూర్తిగా ఆరేదాకా ఆగలేకపోయింది. సాయంత్రం అది వేసుకునే సైకిలెక్కింది. వీపు మీద ఇంకా రెండు చోట్ల తడి. సందు మలుపు దాకా ఆ పసుపురంగు కనిపిస్తూనే ఉంది.