పంపు ఆపినా పొంగిన రబ్బరు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో నన్ను ఓర్వకల్లు ఫ్యాక్టరీకి ప్రాసెస్ మేనేజరుగా వేశారు. కారు తలుపుల అంచులకు వేసే మెత్తటి పట్టీలు అక్కడ తయారవుతాయి. ముడిసరుకు థర్మోప్లాస్టిక్ రబ్బరు. రబ్బరులా సాగుతుంది, ప్లాస్టిక్‌లా కరుగుతుంది. అప్పటిదాకా దాన్ని రసాయనాలతో పొంగించేవారు. ఇక మామూలు నీళ్లతో పొంగించాలి, ఆ బాధ్యత నాది. ఆ ఉత్తర్వు చేతికొచ్చినప్పుడు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

రబ్బరును కరిగించి ముందుకు నెట్టే యంత్రం ఎక్స్‌ట్రూడర్. అందులో కరిగిన రబ్బరులోకి పంపు కొలిచి నీళ్లు ఎక్కిస్తుంది. లోపలి ఒత్తిడి వాటిని ఆవిరి కానివ్వదు. పట్టీకి ఆకారమిచ్చే డై రంధ్రం దాటి బయటపడగానే ఒత్తిడి పోయి, నీళ్లు ఒక్కసారిగా ఆవిరై రబ్బరును పొంగిస్తాయి. రవ్వంత ఎక్కువైతే బొబ్బలే. అందుకే ముడిసరుకు రబ్బరు గుళికలను ముందు డ్రయర్‌లో బాగా ఆరబెడతాం. పంపు ఇచ్చే నీళ్లు తప్ప మరో చుక్క ఉండకూడదు.

ట్రయల్ నాడు పొద్దున ఏడింటికి ఆపరేటర్ మస్తాన్ వలి మొదటి పట్టీ తీశాడు. వేలితో నొక్కి వదిలితే టక్కున లేచింది. ఆనందం పట్టలేక కేక పెట్టాను. కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరు సాయంత్రం వస్తాడు.

పదకొండింటికల్లా పట్టీ నిండా బొబ్బలు. నాకు ముక్కు మీదే కోపం. మస్తాన్ పంపు ఎక్కువ తిప్పాడని తేల్చేసి, షిఫ్ట్ పుస్తకంలో 'ఆపరేటర్ నిర్లక్ష్యం' అని రాసేశాను. ఆ నెలే అతనికి షిఫ్ట్ ఇన్‌చార్జిగా ప్రమోషన్ రావాలి. ఆ మాట పైకి వెళితే అది పోయినట్టే.

"పంపు జోలికే పోలేదు సార్. మీరు చెప్పినంతే పోతాండాయి నీళ్లు. నమ్మకుంటే ఆపేస్తాండా, చూడండి" అని మస్తాన్ పంపు కట్టేశాడు. లోపలున్న సరుకంతా బయటికి పోయేదాకా ఆగాం. ఇక పట్టీ గట్టిగా రావాలి. రాలేదు! నీళ్లే ఇవ్వని రబ్బరు మా కళ్ల ముందే పొంగుతోంది. అంటే నీళ్లు ఇంకెక్కడి నుంచో వస్తున్నాయి!

యంత్రం మీది గరాటులాంటి హాపర్‌లో గుళికలు పోసే ఎస్తేరమ్మ కిటికీ వైపు చెయ్యి చూపింది. "పొద్దున ఈ తడిపట్టాలు యాడుండాయి సార్? పదింటికి మీరే కదా కట్టమంటిరి. ఆ తర్వాతే బొబ్బలు లేచింది."

నిజమే. ఎండకు తాళలేక, కర్నూలులో మా ఇంట్లో చేసినట్టే కిటికీకి గోనెపట్టాలు తడిపి కట్టించి, వెనక పెద్ద ఫ్యాను పెట్టించాను. ఆ తడిగాలి నేరుగా మూతల్లేని డ్రమ్ముల మీదికి కొడుతోంది. డ్రయర్ నుంచి వచ్చిన గుళికలు ఉన్నది వాటిలోనే. బిడ్డను చంకలో పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా పని. సిగ్గేసింది. కానీ జవాబు దొరికిన సంతోషం సిగ్గును మించిపోయింది.

పట్టాలు పీకించాం. మళ్లీ గుళికలు ఆరబెట్టి, డ్రమ్ములకు మూతలు వేసి, పంపు తిప్పాం. నాలుగున్నరకు వచ్చిన పట్టీ పొద్దుటిదానికన్నా నున్నగా ఉంది. ఇన్‌స్పెక్టరు కోసి చూసి సంతకం పెట్టాడు.

తర్వాత అందరి ముందూ షిఫ్ట్ పుస్తకంలో నా వాక్యం కొట్టేసి, కారణం దగ్గర నా పేరు రాశాను. మస్తాన్ రెండుసార్లు చదువుకుని, "రేపట్నుంచి ఎండ ఓర్చుకోండి సార్, మేమూ ఓర్చుకుంటాము" అన్నాడు. ఎస్తేరమ్మ పక్కకు తిరిగి నవ్వింది.

పంపు ఆపి చూడ్డానికి పట్టింది పావుగంట. మనిషి మీద నింద రాయడానికి నాకు పావు నిమిషం కూడా పట్టలేదు. మిగిలిన రెండేళ్లూ ఆ పావుగంట ఆగకుండా నేను పుస్తకం తెరవలేదు.