ఎవరో ట్రుగనీనా కుర్రాడట!

ఉద్యోగం లేని మనిషికి ఉన్నంత పని ఉద్యోగం ఉన్నవాడికి ఉండదని నాకు ఆ రోజుల్లోనే తెలిసింది. మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ పూర్తి చేసి, పట్టాకి ఫ్రేము కట్టించి, దాన్ని తగిలించుకోవడానికి సొంత గోడ లేక ఊరి శివారు ట్రుగనీనాలో మా పెద్దమ్మ కొడుకు ఇంట్లో చేరాను. అన్నయ్యా వదినా పొద్దున్నే ఆఫీసులకి వెళ్ళిపోయేవాళ్ళు, నేను ఇల్లు కనిపెట్టుకుని ఉండేవాణ్ణి. "ఖాళీగానే ఉన్నావుగా" అన్న మాట మెల్లగా నా ఇంటిపేరైపోయింది. పార్సిల్ తీసుకోవడం నేనే, చెత్త బిన్ను రోడ్డు మీద పెట్టడం నేనే (ఎర్ర మూతదా, పసుపు మూతదా అన్నది తేలక చాలా వారాలు రెండూ పెట్టేవాణ్ణి), బట్టలు ఉతకడం కూడా నేనే. అంటే, ఒకరోజు అన్నయ్య తెల్ల చొక్కాలతో పాటు నా ఎర్ర తువ్వాలు కూడా మెషీన్లో వేసేదాకా నేనే. ఆ తర్వాత అన్నయ్య కొన్నాళ్ళు లేత గులాబీ రంగు చొక్కాల్లో ఆఫీసుకి వెళ్ళాడు, నాకేమో ఇంట్లో పరపతి పూర్తిగా పోయింది. నా మీద ఇంకా నమ్మకం ఉన్న మనిషి వదిన ఒక్కతే. అందుకే ఆ నమ్మకం నాకు ప్రాణంతో సమానంగా ఉండేది.

వదినకి అప్పుడు ఏడో నెల. ఒకరోజు పెరుగన్నం ముందు కూర్చుని, "చల్ల మిరపకాయలు ఉంటే ఎంత బావుండేదో" అంది. అంతే. ఇండియన్ షాపులో దొరుకుతాయని తెలుసు, కానీ కొన్నవి పెడితే నా గొప్పేముంది? మాది గుంటూరు పక్క, మా అమ్మ ఏటా చేస్తుంది, ఫోన్లో అడిగి నేనే చేసి పెట్టాలని నిర్ణయించుకున్నాను, అదీ రహస్యంగా. కాయలకి గాట్లు పెట్టి, ఉప్పేసి, పుల్ల మజ్జిగలో నానబెట్టాను. ఇక ఎండబెట్టాలి. జూలై అంటే అక్కడ నడి చలికాలం, ఆ నెలలో మెల్‌బోర్న్‌లో ఎండ అనేది ఎవరో చెప్పగా వినే విషయం. అందుకని ఇంట్లోనే ఒక వెచ్చటి చోటు వెతికి, అక్కడ పళ్ళెంలో గుండ్రంగా పేర్చి, రోజూ వాళ్ళు బయటికి వెళ్ళాక తిరగేసి పెడుతూ వచ్చాను. ఆ చోటు ఎక్కడో తర్వాత చెబుతాను. అది చెప్పడానికి నాకే చాలా రోజులు పట్టింది, మీరు కాస్సేపు ఆగలేరా?

సరిగ్గా అదే వారంలో వదినకి తుమ్ములు మొదలయ్యాయి. హీటర్ వేస్తే చాలు, సీలింగు పైనున్న గాలి గొట్టాల (వీటినే డక్టులంటారు) జాలీల్లోంచి వెచ్చటి గాలితో పాటు ఏదో పుల్లటి ఘాటు దిగేది. ముందు వదిన, తర్వాత అన్నయ్య, తర్వాత నేను, వరసగా తుమ్మేవాళ్ళం. అన్నయ్య సీలింగు కేసి చూసి, "డక్టుల్లో దుమ్ము పేరుకుపోయింది రా. బేబీ వచ్చేలోపు క్లీన్ చేయించాలి. కానీ ఈ ఫీల్డులో అంతా చీటర్సేనంట, ఫోన్ చేసి మరీ వచ్చేస్తారు, ఏమీ చెయ్యకుండానే పోతారు. నమ్మకమైన వాళ్ళని వెతకాలి. నువ్వు ఖాళీగానే..." అని నా మొహం చూసి, చొక్కాలు గుర్తొచ్చి ఆగిపోయాడు. వదినే అడ్డుపడింది. "తనకి అప్పజెప్పండి. మంచోడు దొరికేదాకా వదలడు," అంది. అని తుమ్మింది. ఆ మాటకి నేను జానెడు ఎత్తు పెరిగాను.

నమ్మకమైన మనిషిని మనవాళ్ళు ఎలా వెతుకుతారో నేనూ అలాగే వెతికాను. పెళ్ళి సంబంధానికి చేసే వాకబే డక్టులకీ చేశాను. పన్నెండు కంపెనీలకి ఫోన్లు చేసి ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఫోన్ ఎత్తారా, మర్యాదగా మాట్లాడారా, ఎన్నాళ్ళనుంచి ఉన్నారు, ఇలా నిలువు వరసలు పెట్టాను. చివరి వరస మాత్రం అన్నిటికంటే ముఖ్యమైనది: 'మనవాళ్ళెవరైనా వాడారా?' లైసెన్సు ఉందా, ఏ మెషీను వాడతారు, పనికి ముందూ వెనకా లోపల చూపిస్తారా అనే వరసలు ఆ షీటులో లేవు. మనవాళ్ళెవరైనా వాడి ఉంటే ఇక అవన్నీ దేనికి? పేర్లని అక్షరక్రమంలో పెట్టాను. ఒక కంపెనీ కేవలం జాబితాల్లో ముందు రావడానికే పేరు పెట్టుకున్నట్టుంది, అది మొదట వచ్చింది. వాళ్ళు ఒక్క రింగుకే ఫోన్ ఎత్తి నన్ను బ్రదర్ అన్నారు కూడా. చివరి వరస ఖాళీగా ఉంది కాబట్టి, ఆ షీటుని మా ఏరియా తెలుగు గ్రూపులో పెట్టి, 'ఇది ఫైనల్ కాదు, ఎవరైనా వాడి ఉంటే చెప్పండి' అని రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. ఇద్దరు మాత్రం నమస్కారం బొమ్మ పెట్టారు.

మా వీధికి రెండు వీధుల అవతల ఒక అంకుల్ ఉండేవారు. కరీంనగర్ వైపు మనిషి, ఏం చెప్పినా పక్కా అని ముగించడం వల్ల అందరూ ఆయన్ని పక్కా అంకుల్ అనేవాళ్ళు. వారం తర్వాత పార్కులో కనిపిస్తే, నా షీటులో మొదటి పేరుగా ఉన్న కంపెనీ గురించి విన్నారా అంకుల్ అని అడిగాను. "ఎందుకినలే? మస్తు మంచి కంపెనీ. మా దోస్తోళ్ళందరూ వాళ్ళనే అంటున్నరు. నేను గూడ బుక్ జేసిన. పక్కా!" అన్నారు. నాకు ఉత్సాహం వచ్చింది కానీ, ఒక్క సాక్ష్యంతో సంబంధం ఖాయం చేసుకునే రకం కాదు నేను. సిడ్నీలో, పెండిల్ హిల్‌లో, వదినకి దూరపు బంధువు ఒక ఆంటీ ఉన్నారు, ఆవిడకి తెలియని విషయం ఉండదు. ఫోన్ చేశాను. మెల్‌బోర్న్ కంపెనీ గురించి సిడ్నీ ఆంటీని అడగడమేమిటని మీకు అనిపించవచ్చు, నాకు అనిపించలేదు. "అయ్యో, దానికేం బాబూ, కళ్ళు మూసుకుని పిలిచెయ్యి. మా తమ్ముడు వాళ్ళ గ్రూపులో వచ్చింది. అక్కడెవరో ట్రుగనీనా కుర్రాడట, ఉద్యోగం కూడా మానుకుని రీసెర్చ్ చేసి తేల్చాడంట, వాళ్ళదే ఫస్ట్ ప్లేస్ అని!" అందావిడ.

ఇప్పుడు చెబితే నమ్మరు కానీ, ఆ కుర్రాడెవరో నాకు తట్టలేదు. పైగా, నాలాగే బాధ్యత తెలిసిన కుర్రాడు ఈ ఊళ్ళోనే ఇంకొకడు ఉన్నాడన్నమాట అని గర్వపడ్డాను. అతన్ని ఒకసారి కలవాలనుకున్నాను. చివరి వరసలో 'అవును, చాలామంది' అని రాసి, ఆ గడికి ఆకుపచ్చ రంగు వేసి, షీటుని మళ్ళీ గ్రూపులో పెట్టి, సాయంత్రం అన్నయ్యకి చూపించాను. అన్నయ్య మొత్తం చదివి, "ఫర్లేదు రా, ఈసారి బాగానే చేశావ్," అన్నాడు. వదిన తుమ్ముతూనే నాకేసి గర్వంగా చూసింది. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

శనివారం పొద్దున్న ఇద్దరు మనుషులు వచ్చారు. వాళ్ళతో వచ్చిన యంత్రం మా ఇంట్లో కార్పెట్ తుడిచే వాక్యూమ్‌కి పెదనాన్నలా ఉంది తప్ప మరీ అంత పెద్దదేం కాదు. మంచి పని చూద్దామని పక్కా అంకుల్ కూడా వచ్చి సోఫాలో కూర్చున్నారు. వాళ్ళు నిచ్చెనేసి సీలింగు జాలీల దగ్గర గొట్టం ఆడించారు, పెద్ద శబ్దం చేశారు, ఇరవై నిమిషాల్లో దిగి ఫోన్లో రెండు ఫోటోలు చూపించారు. ఒకదాంట్లో భయంకరమైన దుమ్ము, జుట్టు, ఎండిపోయిన బల్లి. రెండోదాంట్లో తళతళలాడే గొట్టం. "చూసినవా, బల్లి ఉన్నది లోపట! పక్కా పని," అన్నారు అంకుల్. వదిన ఫోన్ దగ్గరికి తీసుకుని చూసి, "ఈ జాలీ చెక్క ఫ్లోరులో ఉందే. మనవి సీలింగులో కదా?" అంది. ఆ ఇద్దరూ కెమెరా యాంగిల్ అన్నారు. "కెమెరా యాంగిల్ అమ్మా, నీకు తెల్వది. పక్కా," అన్నారు అంకుల్ కూడా. లోపలున్న జాలీలన్నీ విప్పి శుభ్రం చేశామని సంతకం పెట్టిన కాగితం ఇచ్చి వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ కాగితం మళ్ళీ చదివాను. అన్నీ విప్పారా? అయితే అది కూడానా? గబగబా హాలు పక్కనున్న నడవా చివరికి వెళ్ళాను. అక్కడ గోడకి కిందుగా ఒక పెద్ద జాలీ ఉంటుంది, ఇంట్లో గాలంతా దాంట్లోంచే లోపలికి వెళ్ళి, వేడెక్కి, మళ్ళీ గదుల్లోకి వస్తుంది. తెరిచి చూశాను. నా పళ్ళెం అక్కడే ఉంది. చల్ల మిరపకాయలు నేను ముందురోజు గుండ్రంగా పేర్చినట్టే, ఒక్క కాయ కూడా కదలకుండా ఉన్నాయి. అవును, నేను వెతికిన వెచ్చటి చోటు అదే. పళ్ళెం పట్టడానికి అడ్డంగా ఉందని, అక్కడున్న నల్లటి స్పాంజిలాంటిదేదో తీసి గరాజులో పడేశాను. దాన్ని ఫిల్టర్ అంటారని నాకు తెలియదు. (పట్టా ఇంజినీరింగుదే, అడక్కండి.)

అక్కడే గోడకానుకుని కూర్చుండిపోయాను. రెండు సంగతులు ఒకేసారి అర్థమయ్యాయి. ఇంట్లో తుమ్ములన్నిటికీ కారణం నేనే. వాళ్ళు డక్టు తెరవలేదని తెలిసిన ఒకే ఒక్క మనిషినీ నేనే. నోరు మూసుకుని పళ్ళెం తీసేస్తే, తుమ్ములు తగ్గుతాయి, కంపెనీ మంచిదవుతుంది, నేను హీరోనవుతాను, వదిన నమ్మకం అలాగే ఉంటుంది. కానీ హాల్లో పక్కా అంకుల్ ఫోన్లో ఎవరికో చెబుతున్నారు: "అరే, ఏడు ఫ్యామిలీలు బుక్ చేసినం. ఆ కుర్రాడెవరో గాని సల్లగుండాలె. ఒక షీటు జేసిండు, చివర్ల మనవాళ్ళెవరైనా వాడారా అని గూడ రాసిండు! పక్కా!"

ఆ చివరి వరస నాది. ప్రపంచంలో ఇంకెవరూ అలాంటి వరస పెట్టరు. నేను కలవాలనుకున్న కుర్రాడు అద్దంలో రోజూ కనిపించేవాడే. నా అనుమానం ఊరంతా తిరిగి నమ్మకమై నా దగ్గరికే వచ్చింది, నేను దానికి ఆకుపచ్చ రంగు వేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పళ్ళెం రెండు చేతులతో పట్టుకుని హాల్లోకి వెళ్ళాను.

"వాళ్ళు డక్టు తెరవలేదు," అన్నాను.

"ఎట్ల తెలుసు నీకు?" అన్నారు అంకుల్.

"లోపల నా మిరపకాయలు కదల్లేదు అంకుల్. ఆ షీటు చేసింది కూడా నేనే. ఫైనల్ కాదని రాశాను."

అన్నయ్య నోరు తెరిచాడు, కానీ ముందు తుమ్ము వచ్చింది. అంకుల్ ఫోన్‌కేసి చూసుకుని, "గ్రూపుల ఆ నంబరు నీదని తెల్వలే. ఆ ఫైనల్ కాదనే లైను నేను ఫార్వర్డ్ జెయ్యలే," అని జీవితంలో మొదటిసారి పక్కా అనకుండా వాక్యం ముగించారు. వదిన మాత్రం పళ్ళెం వైపే చూస్తోంది. "ఇవి నా కోసమేనా?" అంది. అవునన్నాను. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మిరపకాయల ఘాటు అని చెప్పుకున్నాను. "పిచ్చి మొద్దూ, అడిగితే ఓవెన్లో ఆరబెట్టేవాళ్ళం కదా," అని పొట్ట పట్టుకుని నవ్వింది, తుమ్మింది, మళ్ళీ నవ్వింది. ఆ మధ్యాహ్నం ఏడు బుకింగులూ రద్దయ్యాయి. నా జాబితాలో ఆఖరున ఉన్న, ఫోన్ ఎత్తనే ఎత్తని ముసలి మెకానిక్ ఒకాయన మూడు రోజులకి తిరిగి ఫోన్ చేసి వచ్చాడు. అన్ని జాలీలూ మా ముందే విప్పి, లైటు వేసి చూపించి, ఫిల్టర్ మళ్ళీ పెట్టి, ఇంకేం చెయ్యక్కర్లేదని వెళ్ళిపోయాడు. తుమ్ములు ఆగిపోయాయి. వదిన ఆ మిరపకాయల్ని నెలంతా పెరుగన్నంలో నంజుకుంది.

అప్పుడు పుట్టిన పిల్ల ఇప్పుడు స్కూల్లో చదువుతోంది, నేను వెళ్ళినప్పుడు చల్ల మిరపకాయలు పెడితే "టూ స్పైసీ, బాబాయ్" అంటుంది. నేను ఉద్యోగం పేరుతో పెర్త్ వచ్చి హారిస్‌డేల్‌లో స్థిరపడ్డాను, చెవుల పక్కన తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి. మొన్న ఇక్కడి తెలుగు గ్రూపులో ఎవరో నమ్మకమైన డక్ట్ క్లీనింగ్ వాళ్ళు కావాలని అడిగారు. నిమిషంలో ఒకాయన ఒక షీటు పెట్టాడు. మెల్‌బోర్న్ కంపెనీలే, మొదటి పేరు అదే, చివరి వరసలో అదే ఆకుపచ్చ గడి. నేను వెంటనే, 'దయచేసి దీన్ని నమ్మకండి, ఆ మొదటివాళ్ళు డక్టు తెరవరు, ముందు మీ ఫిల్టర్ చూసుకోండి' అని రాశాను. ఆయనకి కోపం వచ్చింది. 'మీకేం తెలుసండీ? ఎవరో ట్రుగనీనా కుర్రాడట, పాపం ఎంతో కష్టపడి చేశాడు' అన్నాడు. ఆ కుర్రాణ్ణి నేనేనని టైపు చేసి, కాసేపు చూసుకుని, చెరిపేశాను. చెప్పినా నమ్మరు, ఆ కుర్రాడికున్న పేరు నాకు లేదు.