అబ్బాకు గులాబీ తెలియని ఏడాది

మొన్న ఉదయం పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కింటి కోడలు పరుగున వచ్చి స్టవ్ కట్టేసి, "ఏంది పిన్నీ, వాసనే రాలేదా నీకు?" అంది. రాలేదు. జ్వరంతో పోయిన వాసన ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పి రెండేళ్లయింది. నరసరావుపేట కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైనదాన్ని, ఆయన చెప్పకముందే నాకు తెలుసు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మేము అబ్బా అని పిలుచుకునే మా నాన్నకు బజారులో చిన్న అత్తరు కొట్టు ఉండేది. సీసాల మీద పేర్లుండేవి కావు. మూత తీసి ఒక్కసారి పీల్చి ఇది మల్లె, ఇది వట్టివేరు అని చెప్పేవారు. అలాంటి మనిషి ఒక ఏడాది సీసాలన్నిటికీ నా చేత చీటీలు రాయించి అంటించారు. ఇన్నాళ్లకు పద్ధతి తెలిసిందని మెచ్చుకున్నాను కూడా.

ఆ రోజుల్లోనే, క్లాసులో చెప్పిన పాఠం ఉత్సాహం కొద్దీ అన్నాల దగ్గర ఆయనకూ చెప్పాను. ముక్కులో పైన వాసన పట్టే కణాలుంటాయనీ, ఒక్కో కణం మీద ఒక్క రకం గ్రాహకమే ఉంటుందనీ, ఒక్కో వాసన వాటిలో కొన్నిటిని కలిపి తట్టిలేపుతుందనీ, ఏవేవి లేచాయో చూసుకుని మెదడు ఇది గులాబీ, ఇది తడిమట్టి అని పోల్చుకుంటుందనీ చెబుతుంటే, ఆయన అన్నం కలిపే చెయ్యి ఆపి విన్నారు.

"ఆ కణాలు చచ్చిపోతే మళ్లీ పుడతయ్యా అమ్మా?"

పుడతాయి కానీ వయసు మీదపడితే తగ్గిపోతాయి, ఒక్కోసారి అసలు పుట్టవు అని పుస్తకం అప్పజెప్పినట్టు చెప్పేశాను. ఎందుకు అడుగుతున్నారని అడగలేదు.

కొన్నాళ్లకు, కూతురి పెళ్లికని గులాబీ అత్తరు కొనుక్కుపోయిన మాచర్ల ఆయన తిరిగొచ్చి సీసా బల్ల మీద పెట్టి, "ఇది గులాబీ ఏంది భాయ్?" అన్నాడు. అబ్బా మూత తీసి చాలాసేపు పీల్చి, గులాబీయే అన్నారు. నేను పక్కనే ఉన్నాను. అది వట్టివేరని, నలుగురిలో, నేనే అన్నాను. ఆయన నా వంక చూడలేదు. ఆ నెలలోనే కొట్టు మూసేశారు, మరుసటి ఏడాదికి ఆయనే లేరు. కొట్టు మూసేనాటికే ఏడాదిగా ఆయన ముక్కు పనిచేయడం లేదనీ, కొత్త సరుకు వచ్చినప్పుడల్లా తనకు వాసన చూపించి పేరు అడిగేవారనీ, ఆ ఒక్కసారే అడగడం మరిచారనీ అమ్మ తర్వాత చెప్పింది.

ఇప్పుడు ఆ బజారులో సెంట్లన్నీ పేర్లు అచ్చేసిన డబ్బాల్లో వస్తున్నాయి, ముక్కుతో ఎవరికీ పని లేదు. ఆయన ఆ రోజు అంతసేపు ఏం వెతుక్కున్నారో ఈ రెండేళ్లలో నాకు బాగా అర్థమైంది. ఆ మాట చెప్పి క్షమించమని అడగడానికి మాత్రం మనిషి లేరు.