మీ గడప ఎన్ని జానలు?

"నీళ్ళు లోపలికొస్తే ముందు తడిసేది ఉయ్యాలే."

తాలియా పుట్టిన నెలకి మా ఆయన హాజెంతో నేనన్న మాట ఇది. ఆయన ఉయ్యాలను గోడవైపు ఒక అడుగు జరిపాడు. నీళ్ళకు ఆ ఒక్క అడుగూ లెక్కలోకి రాదని ఆయనకూ తెలుసు. అలెగ్జాండ్రియాలో బకోస్ ట్రాం స్టాపు వెనక సందులో మా ఇల్లు. వీధిలోంచి మూడు మెట్లు కిందికి దిగితే మా తలుపు వస్తుంది. నేను సముద్రశాస్త్రం చదివాను. ఎంత వాన పడితే ఏ సందులో నీళ్ళు నిలుస్తాయో లెక్కగట్టే ప్రోగ్రాం రాయడం నా పని. అలాంటిదాన్ని అలాంటి ఇంట్లో కాపురం పెట్టాను, మా జీతాలకు దొరికిన ఇల్లు అదొక్కటే కాబట్టి.

ఇంత భయం మధ్య, మేమంతా బాబాయ్ అని పిలిచే బహ్నసీ ఎందుకు గుర్తొస్తాడంటే, ఆయనకు లోకంలో ఒక్కటే ప్రశ్న తెలుసు. ఎవరు ఏం మాట్లాడనివ్వండి, సముద్రం గురించి, సర్కారు గురించి, సాఫ్ట్‌వేర్ గురించి, చివరికి సొంత పెళ్ళి గురించి మాట్లాడినా సరే, ఆయన అడిగేది అదే.

"సలాం. మీ గడప వీధికి ఎన్ని జానల ఎత్తు?"

మా ఊరు మునగకుండా ఏం చేయాలో చర్చించుకోవడానికి ఆన్‌లైన్లో ఒక గ్రూపు ఉంది. నాలుగు వందలమందిమి. ఇంజినీర్లు, ప్రొఫెసర్లు, ప్రోగ్రాములు రాసేవాళ్ళు, విద్యార్థులు. నేను అందులో అడ్మిన్‌ని. ముప్ఫై నాలుగేళ్ళు ట్రాం నడిపి రిటైరైన బహ్నసీ బాబాయ్‌ని అందులో ఎవరు చేర్చారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఒకసారి ప్రొఫెసర్ షుక్రల్లా గారు కాలుష్యం మీద పన్ను ఎలా వేయాలో పన్నెండు పేరాలు రాశారు. మేమంతా చదివి మెచ్చుకున్నాం. బాబాయ్ మాత్రం రాశాడు. "సలాం. బాగుంది. మీ గడప ఎన్ని జానలు?"

"నేను తొమ్మిదో అంతస్తులో ఉంటాను," అని ప్రొఫెసర్ గారు చిరాకుగా రాశారు.

"చాలా మంచిది. మీ వాచ్‌మన్ తొమ్మిదో అంతస్తులోనే ఉంటాడా?"

ప్రొఫెసర్ గారు గంటసేపు కనిపించలేదు. తర్వాత వచ్చి ఒకే ముక్క రాశారు. "ఒక జాన." పన్నెండేళ్ళుగా ఆ భవనంలో ఉంటున్న మనిషి, వాచ్‌మన్ గది గడప దగ్గర మొదటిసారి వంగింది ఆ రోజే.

"జజాకల్లా," అని దీవించి బాబాయ్ వెళ్ళిపోయాడు. పన్ను సంగతి ఆయనకు అక్కర్లేదు.

ఇంకోసారి నాకూ అబనూబ్ అనే కుర్రాడికీ యుద్ధం. మా ప్రోగ్రాంను ఏ కంప్యూటర్ భాషలో తిరగరాయాలన్నది గొడవ. రెండు వందల నలభై మెసేజులు. ఒకరి చదువును ఒకరం తిట్టుకునేదాకా వచ్చింది.

"పిల్లలూ," అన్నాడు బాబాయ్, "నీళ్ళకి ఏ భాష వచ్చు?"

"ఏదీ రాదు బాబాయ్."

"అయితే గడపలు చెప్పండి."

అప్పటినుంచి అది గ్రూపులో ఊతపదమైపోయింది. బాబాయ్ చాచిన అరచేతి ఫొటోతో ఎవరో స్టిక్కర్ చేశారు. ఒకడు ఫలాఫెల్ వడల ఫొటో పెడితే కింద ఆ చెయ్యి. ఒకమ్మాయి నిశ్చితార్థం ఉంగరం చూపిస్తే కింద ఆ చెయ్యి. బాబాయ్ ఆ స్టిక్కర్ చూసి నొచ్చుకోలేదు. "నా చిటికెనవేలు వంకరగా పడింది. కొలత తగ్గుతుంది, మంచి ఫొటో తీయండి," అన్నాడు.

తాలియా పుట్టినప్పుడు నాలుగు వందలమందీ దీవించారు. బాబాయ్ దీవెన ఇది. "మబ్రూక్. దేవుడు చల్లగా చూడాలి. మీ గడప ఎన్ని జానలు?"

కుట్లు నొప్పిగా ఉన్నాయి, నిద్ర లేదు, నాకు ఒళ్ళు మండింది. "గడప లేదు బాబాయ్. మూడు మెట్లు కిందికి దిగాలి. చాలా?"



రెండు రోజుల తర్వాత బాబాయ్ ఇంటికే వచ్చాడు, పిల్లను చూడటానికని, చేతిలో నెయ్యి సీసాతో. సన్నగా, పొడుగ్గా, ట్రాం కంపెనీ నాటి పాత కోటు వేసుకుని, మూడు మెట్లూ లెక్కపెట్టుకుంటూ దిగాడు. పిల్లను ఒక్క క్షణం చూశాడు. తర్వాత తలుపు దగ్గర నిలబడి అరచెయ్యి చాచి ద్వారబంధం మీద ఈ చివర ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆ చివర ఒకసారి ఆనించాడు. పెదవులు కదులుతున్నాయి.

మా అత్తగారు చటుక్కున లేచి నిలబడింది. అయిదు వేళ్ళూ చాచి గుమ్మం మీద పెడితే మావాళ్ళకు ఒకటే అర్థం, దిష్టి తగలకుండా కాచడం. పెదవులు కదిలాయంటే ఏదో చదువుతున్నాడన్నమాట.

"ఎంత మంచి మనిషివయ్యా! ఈ రోజుల్లో ఇలా చేసేవాళ్ళెవరు?" అంటూ నాకోసం కాచిన మొగాత్ ఆయనకు రెండు గ్లాసులు పోసింది. బాలింతలు తాగే మొగాత్‌ను ఆ పెద్దమనిషి ఎంతో శ్రద్ధగా తాగాడు.

సాయంత్రానికి సందంతా తెలిసిపోయింది. "హస్తవాసి మంచిదట," అని ఎదురింటామె పిలిచింది. "మా గుమ్మం కూడా కాస్త ముట్టుకో నాయనా," అని ఇస్త్రీ కొట్టువాడు పిలిచాడు. బాబాయ్ ఎవరినీ కాదనలేదు. పదిహేను గుమ్మాలు, తొమ్మిది గ్లాసుల టీ. దిష్టి తీయలేదని ఆయన చెప్పలేదు. తీశానని కూడా చెప్పలేదు.

నవంబరు చివర్లో నేను చేసిన పని ఇప్పుడు చెప్పాలి. మా ప్రోగ్రాం గీసిన పటాన్ని చూడటానికి ముగ్గురు అధికారులు గ్రూపులోకి వచ్చారు. ఎర్ర సందులు మునిగేవి, పచ్చవి మునగనివి. రెండేళ్ళ కష్టం. బాబాయ్ పటం వైపు చూడనైనా లేదు. ఒక్కొక్క అధికారినీ పేరు పెట్టి పిలిచి గడప ఎత్తు అడిగాడు. జవాబు రాకపోతే మళ్ళీ అడిగాడు. పదకొండు సార్లు. మూడో అధికారి "ఇది చర్చా, బడా?" అని రాసి వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ ఆయన వెనకే.

నేను మరి ఆలోచించలేదు. బహ్నసీ బాబాయ్ రెండు వారాలపాటు గ్రూపులో ఏమీ రాయకుండా మీట నొక్కాను.

డిసెంబరు నాలుగున ఖాసిం వచ్చింది. మా శీతాకాలపు గాలివానలన్నిటికీ పేరుంటుంది, రావలసిన తేదీ ఉంటుంది. మిగతావి ఒకరోజు అటూ ఇటూ అయినా ఖాసిం మాట తప్పదు. ఉదయం తొమ్మిదికే ఆకాశం సీసంలా దిగింది. హాజెం పనికి వెళ్ళాడు. ఇంట్లో నేను, అత్తగారు, ఉయ్యాల. తెర మీద మా సందు పచ్చగా ఉంది. గ్రూపులో మూడు వందల మెసేజులు. ఈ ముంపు భూమి వేడెక్కడం వల్లా, కాలువలు పూడటం వల్లా అని రెండు పక్షాలుగా చీలిపోయారు. "లెక్క ప్రకారం బకోస్‌కు ముప్పు లేదు," అని నేను రాస్తున్నాను.

"అమ్మాయీ," అంది అత్తగారు తలుపు దగ్గరినుంచి, "కింది మెట్టు కనబడటం లేదు."

నా పటం గీసింది ఉపగ్రహం ఇచ్చిన ఎత్తులతో. వాటిలో ఒక మీటరు అటూ ఇటూ తప్పుంటుందని నాకు తెలుసు, కాగితం మీద నేనే రాశాను. ఆ తప్పులోనే నా ఇల్లు ఉంది. ఉపగ్రహానికి వీధి కనిపించింది, మూడు మెట్లు కనిపించలేదు. పిల్లను ఎత్తుకున్నాను. తలుపు కింద గోధుమరంగు నీరు నాలుకలా లోపలికి వచ్చింది.

అప్పుడు పైనుంచి ఆ గొంతు. "సలాం! పక్కకు జరగండి!"

బహ్నసీ బాబాయ్, పంట్లాం మోకాళ్ళదాకా మడిచి, భుజం మీద నడుమెత్తు చెక్కపలకతో. వెనక ఇద్దరు ముసలి ట్రాం డ్రైవర్లు, వీపుల మీద ఇసుక బస్తాలతో. పలకను తలుపు కిందుగా ద్వారబంధంలోకి దించాడు. చేత్తో చేసిన గుండీ కాజాలో పట్టినట్టు పట్టేసింది. దాని వెనక గుడ్డలు, బస్తాలు. నాలుక ఆగిపోయింది.

"ఇంత సరిగ్గా ఎలా కోయించావు బాబాయ్?"

"మొగాత్ తాగిన రోజు కొలిచాను కదా."

అత్తగారు నోరు తెరిచింది. "అయితే అది దిష్టి తీయడం కాదా?"

"ఇది కూడా అదే అనుకో అమ్మా," అన్నాడు, నీళ్ళు పిండుకుంటూ.

 "నేను నిన్ను రాయనివ్వలేదు," అన్నాను.

"నోటికి తాళం వేశావు డాక్టరమ్మా. కాళ్ళకు వేయలేదుగా." నేను డాక్టర్ని కానని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా లాభం లేదు.

కోటు జేబులోంచి ఒక తీగ తీశాడు. దానికి గుచ్చిన పాత ట్రాం టికెట్లు, రెండు వందలకు పైగా. ఒక్కో టికెట్ వెనక పెన్సిల్‌తో ఒక ఇల్లు. అన్నిటికన్నా కిందున్న గడప అన్నిటికన్నా ముందు. మొదటి టికెట్ మీద ఇలా ఉంది. "బకోస్. గడప లేదు, మూడు మెట్లు కింద. ఉయ్యాలలో పిల్ల."

ట్రాం నడిపే రోజుల్లో నీళ్ళు ట్రాం మొదటి మెట్టును ముట్టుకుంటే నెమ్మది, రెండో మెట్టును ముట్టుకుంటే ఆపెయ్యి అనేది ఆయనకు తెలిసిన వాతావరణ శాస్త్రం. మెట్టు ఎత్తు తెలిస్తే చాలు, ఎవరి దగ్గరికి ముందు వెళ్ళాలో తెలుస్తుంది.

"ఇదీ సంగతి అని గ్రూపులో ఒక్క ముక్క చెప్పొచ్చుగా బాబాయ్!"

"చెబితే దాని మీద చర్చ పెడతారమ్మా," అన్నాడు చాలా గంభీరంగా.

ముసలి డ్రైవర్లు మాత్రం నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. దాని వెంటనే, ఇన్నాళ్ళూ హాజెంతో తప్ప ఎవరితోనూ అనని మాట బయటికొచ్చేసింది. "నాకు భయంగా ఉంది బాబాయ్. ఈ పిల్ల పెద్దదయ్యేసరికి ఈ ఊరు ఉంటుందా?"

ఆయన ఓదార్చలేదు. టికెట్ల తీగ విప్పి, నా టికెట్‌ను మొదటినుంచి తీసి, వెనక్కి వెనక్కి జరుపుతూ, నలభయ్యో చోట ఎక్కడో మళ్ళీ గుచ్చాడు.

"పలక వేశాం. ఇప్పుడు నీ గడప వీధి దాటి ఒక జాన, నాలుగు వేళ్ళు. ఇక నీకంటే కింద చాలామంది ఉన్నారు." తర్వాతి టికెట్ చదివాడు. "ప్రొఫెసర్ గారి వాచ్‌మన్." వీధిలో ఆనించిన పలకల్లో అతనిది వెతుక్కుంటూ మెట్లెక్కాడు.

నేను తాలియాను భుజాన వేసుకుని, ఒక చేత్తో ఆయన తాళం తీశాను. గ్రూపులో ఇంకా కాలువలా, భూమి వేడా అనే సాగుతోంది. "బహ్నసీ బాబాయ్ వాచ్‌మన్ గది దగ్గర ఉన్నాడు. చేతులున్నవాళ్ళు వెళ్ళండి," అని రాశాను.   అరగంటకి అబనూబ్ బస్తా మోస్తున్న ఫొటో వచ్చింది. వెనకాల బకెట్‌తో ప్రొఫెసర్ షుక్రల్లా గారు, లిఫ్టు ఆగిపోతే తొమ్మిది అంతస్తులూ నడిచి దిగి.

తాళం తీశాక బాబాయ్ రాసిన మొదటి మెసేజ్ సాయంత్రం వచ్చింది. ఆ అధికారులు ముగ్గురికీ. "సలాం. మీ గడప ఇంకా చెప్పలేదు."

ఇప్పుడు మా పటంలో ప్రతి ఇంటికీ ఒక గడి ఉంది. అందులో జానల లెక్క నింపనిదే గ్రూపులో వాదన మొదలుపెట్టనివ్వం. భయం మాత్రం పోలేదు. పిల్లలున్నవాళ్ళకు అది పోయే రకం కాదు. అది పెరిగినప్పుడల్లా, ఆ రోజు మెట్లెక్కుతూ వెనక్కి తిరక్కుండానే ఆయన చెప్పినట్టు చేస్తాను. పిల్లను ఎత్తుకుని పక్క సందులోకి వెళ్ళి, ముక్కూమొహం తెలియనివాళ్ళ తలుపు తట్టి, అరచెయ్యి చాచి గడప ఎత్తు అడుగుతాను. ఆ రోజు ఆయనన్న మాట ఇది.

"భయమేస్తే సముద్రం ఎంత పెద్దదో అడక్కు డాక్టరమ్మా. నీకంటే కింద ఎవరున్నారో అడుగు."