గమ్మునుండని పెట్టె

ఆఫీసువాళ్లు కెమెరా ఫోన్ ఇచ్చిన రోజు హాస్టల్లో దాన్ని చూపించని గది లేదు. దాంతోపాటు కణేకల్ అనే ఊరు కూడా ఇచ్చారని రెండు రోజుల తర్వాత తెలిసింది.

కెమెరా ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. హైదరాబాదులో పుట్టి పెరిగి, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కూడా నిండని నాకు అప్పజెప్పిన పని, కణేకల్ దగ్గర ఒక రైతు వేరుశనగ చేలో వాన కొలిచే పెట్టె పెట్టడం. వాన పడితే పెట్టె ఆ కబురు ఉపగ్రహానికి పంపుతుంది. ఉపగ్రహం దాన్ని హైదరాబాదు ఆఫీసుకి దింపుతుంది. ఆఫీసు కంప్యూటరు "అందింది" అని అదే దారిలో పెట్టెకు జవాబిస్తుంది. జవాబు రాకపోతే పెట్టె మళ్లీ పంపుతుంది. ఎంతసేపు చూసి మళ్లీ పంపాలో నిర్ణయించింది నేనే. రెండు సెకన్లు. నా లెక్కలో అదే చాలా ఎక్కువ.

వాన ఎలాగూ లేదు. చెంబుతో నీళ్లు పోసి పరీక్షించాం. చెంబు రైతు భార్యది.

"వాన పడక మేము సస్తాంటే, వాన కొలిచే డబ్బాకు మేమే నీళ్లు పోయల్లా?" అందావిడ.

"ఒక్క చెంబే అక్కా."

ఆ ఒక్క చెంబు ఆఫీసులో పదకొండు వానలైంది. మా బాస్ ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా, అక్కడ వరదా?"

"లేదు సార్. ఎండ."

"మరి పదకొండు వానలేంటి? పైగా 'అందింది' అన్న జవాబు పెట్టెకు చేరేసరికి అర నిమిషం పట్టింది. శుక్రవారం నేనే వస్తున్నా. అప్పటికీ ఇలాగే ఉంటే పెట్టె పీకించేస్తా. ఆ ఫోన్ కూడా ఇచ్చేద్దువుగాని."

పెట్టె పోతే పోయింది. ఫోన్!

ఆ మంట మీద రెండు సెకన్లను ఒకటి చేసేశాను. జవాబు తొందరగా కావాలంటే తొందరగా అడగాలి కదా. ఈసారి చెంబుకి పంతొమ్మిది వానలు, ముప్పావు నిమిషం ఆలస్యం.

గురువారం ఇంకో ప్రయత్నం. నేను కణేకల్లో నా గదిలో కంప్యూటరు ముందు కూర్చోవాలి, రైతు చేలో నీళ్లు పోయాలి. చేలో ఫోన్ సిగ్నల్ ఉండదు, పక్కనున్న పెద్ద రాతిగుండు ఎక్కితేనే వస్తుంది.

"నీళ్లు పోసి, గుండెక్కి మిస్డ్ కాల్ ఇస్తా. పోసినట్టని తెలుసుకో," అన్నాడాయన. "ఎత్తగాకు పాపా, బ్యాలెన్సు పోతాది."

పది నిమిషాలైంది. కాల్ రాలేదు. నేనే చేశాను. రింగైంది, కట్ చేశాడు. నా కాల్ కట్ చేస్తాడా? మళ్లీ చేశాను. మళ్లీ కట్. ఇరవైసార్లు దాటాక ఆటో ఎక్కి, దారంతా డయల్ చేస్తూనే చేలోకి వెళ్లాను. ఆయన గుండు మీద చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నాడు.

"ఎందుకన్నా కట్ చేస్తున్నారు?" అని కిందనుంచే అరిచాను.

"నీకు మిస్డ్ కాల్ ఇయ్యల్లనే! నేను చేద్దామంటే ఎంగేజు. నీదే వస్తాండాది. కట్ చేసి చేస్తే మళ్లా ఎంగేజు. నువ్వు రోంత సేపు గమ్మునుంటే కదా పాపా, నాది నీకు తగిలేది?"

తిట్టబోయినదాన్ని తల తిప్పాను. పక్కనే పెట్టె. దానికి నోరూ చెవీ ఒకటే, ఆ యాంటెనా. అరుస్తున్నంతసేపూ ఏమీ వినపడదు. జవాబు పైకెళ్లి దిగేసరికి నాలుగైదు సెకన్లు పడుతుంది, ఈలోగా ఇది మళ్లీ అరుస్తూ ఉంటుంది. పాపం, జవాబు ప్రతిసారీ వస్తూనే ఉంది.

విషయం చెప్పాను. పెట్టెకు నీళ్లు తెచ్చిన రైతు భార్య ఖాళీ చెంబు నడుముకి ఆనించుకుని నన్ను కిందికీ పైకీ చూసింది.

"డబ్బాకు ఎవురి గుణమొచ్చిందో ఇప్పుడు తెలిసెలే."

ఒకసారి పంపాక పది సెకన్లు నోరు మూసుకోమని పెట్టెకు చెప్పాను. ప్రతి వానకీ ఒక నంబరు పెట్టాను, అదే నంబరు మళ్లీ వస్తే ఆఫీసు కొత్త వాన అనుకోకుండా.

శుక్రవారం బాస్ నా గదిలో కూర్చున్నాడు. తెర మీద ఏమీ లేదు. నిమిషం గడిచింది.

"ఆ రైతు నీళ్లు పోశాడా లేదా? ఫోన్ చెయ్."

నా బొటనవేలు అప్పటికే పచ్చ బటన్ మీద ఉంది. దాన్ని అక్కణ్నుంచి తీయడం ఎంత కష్టమో నాకే తెలుసు.

"రోంత గమ్మునుండండి సార్," అనేశాను.

ఆయన నావైపు తిరిగేలోపు తెర మీద ఒక వాన పడింది. ఒక్కటే. దాని కింద "పెట్టెకు జవాబు చేరింది" అని వచ్చింది. ఆరు సెకన్లు. అదంతా అయ్యాక, గుండెక్కిన రైతు మిస్డ్ కాల్ వచ్చింది.

బాస్ ఫోన్ వైపు చూశాడు. నేను దాన్ని వెనక దాచుకున్నాను.

"ఉంచుకో," అన్నాడు.

ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి ఆగకుండా మోగుతుంటే ఎత్తాను.

"ఎన్ని వానలు పడె పాపా?"

"ఒక్కటే అన్నా!"

వెనకనుంచి ఆవిడ గొంతు వినిపించింది. "ఇంగొగ వాన కావల్లంటే నీళ్ల బిందె ఆ పాపనే మోసుకోని రమ్మను!"