మిరప ఘాటు డిపాజిట్

ఈ పొద్దున పటాన్‌చెరు మార్కెట్లో ఎండుమిరప బస్తా విప్పారు. నేను తుమ్మాను. మామూలు తుమ్మా అది! చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగ భయపడి కర్ణాటక దాకా పారిపోయి ఉంటుంది. ఆ తుమ్ముతోపాటే విఠల్ సేటు గుర్తొచ్చాడు. ఆయన మిరప వ్యాపారి, మా ఊరి పొదుపు సంఘానికి అధ్యక్షుడు. అప్పట్లో నేను ఆ సంఘంలో ఆయన కింద గుమాస్తాని.

ఒక ఏడు ఇక్కడి ఫ్యాక్టరీ ఒకదానికి తాళం పడింది. దాని కార్మికులు పొదుపు చేసుకునే పొరుగూరి సంఘం కూడా మునిగిందని పుకారు పుట్టింది. తెల్లారేసరికి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్ల వరుస. దాని తోక వెలిమెల ఊరు దాటిందని నేను ఇప్పటికీ ప్రమాణం చేస్తాను. ఆపదలో ఆదుకోవాలని ఆ సంఘానికీ మా సంఘానికీ మధ్య ఒప్పందం ఉండేది. సంతకాల రోజు తిన్న బిర్యానీ అందరికీ గుర్తుంది, ఒప్పందమే గుర్తులేదు.

"ఆళ్ల గోదాం మనకు రాసిస్తెనే పైసలిద్దం" అన్నాడు మా కమిటీలోని యాదిరెడ్డి. ఆ సంఘం అధ్యక్షుడి చేతిలో మండల ఎన్నికల్లో ఓడిన మంట అతనికి ఇంకా ఆరలేదు. అందరూ తలలూపారు.

సేటు గొంతు పెంచలేదు. "యాదన్నా, కాయితాలు తయారయ్యేదాంక ఆ సంఘం ఉంటదా? అది పోతే జనం ఇగ మన గడప మీదికే వస్తరు. మన పైసలు గూడ బయట అప్పులకిచ్చినయే గదా. అప్పుడు మన గోదాం ఎవలికి రాసిస్తవ్?"

యాదిరెడ్డి బీరువా తాళాలు బల్ల మీదికి విసిరాడు.

"తీస్కపో సేటూ. మునిగితె నీ దుకాణం అమ్మిస్త."

"అమ్మియ్యి. మిరపకాయలు నువ్వే తూకమేస్కో."

దొంగల భయానికి నోట్లను మిరపకాయల బస్తాలో కుక్కాం. ఆ సంఘం వెనక తలుపు నుంచి ఇద్దామన్నాను.

"గట్లిస్తె ఆళ్ల అధ్యక్షుడు తలెత్తుకోలేడు, జనం నమ్మరు. ముంగట్నించే పోదాం పా."

సేటు వెళ్లి వరుస చివర నిలబడ్డాడు.

"సేటూ, నీ పైసలు గూడ ఈడ ఇరుక్కున్నయా?" అంది ముందున్న ఆమె.

"లేదమ్మా. పైసలు ఏద్దామనే వచ్చిన."

కౌంటరు దగ్గర బస్తా విప్పగానే అక్కడి గుమాస్తా తుమ్మాడు, నేను తుమ్మాను, వరుసంతా తుమ్మింది. ఎవరో నవ్వారు. ఆ సంఘం అధ్యక్షుడు కళ్లు తుడుచుకుంటూ రసీదు రాశాడు, ఘాటుకో మరెందుకో. చివర్నుంచి ఒక్కొక్కరే ఇంటిదారి పట్టారు.

సేటు ఇప్పుడు లేడు. ఆయన కుర్చీలో నేనున్నాను. నిన్న ఇంకో ఊరి సంఘం నుంచి ఫోనొచ్చింది. వాళ్ల గడప ముందూ వరుస మొదలైందట. మా కమిటీలో ఒకాయన అప్పుడే కలం తీశాడు, ముందు షరతులు రాద్దామని.

అందుకే ఈ పొద్దున మార్కెట్‌కు వచ్చి, మిరపకాయలు తీసేసిన బస్తా ఒకటి ఇమ్మన్నాను.

"ఖాళీ బస్తా ఏం జేస్కుంటవ్ సారూ?" అన్నాడు దుకాణం ఆయన.

చెబుదామనుకున్నాను. మళ్లీ తుమ్మొచ్చింది.